లోతు సున్నా

టేపు చివరి మీటరంతా సుద్దముక్కతో మూడుసార్లు రుద్దాడు. పైనుంచి కిందికే రుద్దాలి. ఎదురు రుద్దితే పొడి రాలిపోతుందని ముప్పై ఒక్కేళ్లుగా అతని నమ్మకం. నిజమో కాదో ఎవరూ తేల్చలేదు, అతనూ తేల్చలేదు. కొసన వేలాడే సీసపు గుండును బావి గట్టు మీద చెక్కిన గీత దగ్గర పెట్టి, మెల్లగా లోపలికి వదిలాడు.

"ఏమ్మా, ఎలా ఉన్నావ్?" అని బావిని అడిగాడు.

అలవాటు. "నాతో ఇన్నేళ్లు కాపురం చేసి, నన్నొక్కసారి అలా అడిగిన పాపాన పోలేదు" అని భార్య దెప్పుతూనే ఉంటుంది. అతను నవ్వి ఊరుకుంటాడు. అడిగితే ఆవిడ గంటసేపు చెబుతుంది, బావి ఒక్క అంకెలో చెబుతుంది.

అందరూ అతన్ని టేపాయన అంటారు. భూగర్భజలాల ఆఫీసులో కొలతలు తీసే పని. నెలకోసారి ఇరవై రెండు బావులు తిరిగి, గట్టు నుంచి ఎంత లోతున నీళ్లున్నాయో పుస్తకంలో రాయాలి. నీళ్లు తగిలినంత మేరా సుద్ద ముదురు రంగుకు తిరుగుతుంది, దాన్నిబట్టి లెక్క కట్టాలి. అంతే. దీనికి పెద్ద చదువులేం అక్కర్లేదు, అబద్ధం రాయకుండా ఉంటే చాలు. సంచి మోసి మోసి కుడిభుజం కిందికి జారిపోయింది. వేళ్ల మడతల్లో సుద్ద ఎన్ని సార్లు కడిగినా పోదు.

గుండు ఇరవై నాలుగున్నర మీటర్ల దగ్గర అడుగు తాకింది. పైకి లాగాడు. టేపు ఎంత తెల్లగా వెళ్లిందో అంత తెల్లగానే వచ్చింది. పుస్తకం తీసి, పదిహేడో నంబరు బావికి ఎదురుగా 'నీరు లేదు' అని రాశాడు. వరుసగా మూడో ఏడు ఇదే మాట. అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే బావిలో ఆరు మీటర్లకే నీళ్లుండేవి.

బావి చెల్లెలిది. భర్త పోయాక ఆమెకు దిక్కు ఈ నూటపాతిక నిమ్మచెట్లే. గ్లాసులో టీ పట్టుకుని గట్టు దగ్గరకు వచ్చింది.

"ఈసారైనా ఏమైనా తగిలిందా అన్నయ్యా?"

"తగిలింది. రాయి."

"మరి మనది నీళ్ల ఊరంటగా! ఊరాఫీసు గోడకి పటం అంటించారు. మన ఊరంతా నీలం రంగేశారు, చూస్తే మునిగిపోయామేమో అనుకుంటారు." ఆమె నవ్వబోయి మానేసింది. "పైన గుట్ట మీది తోటల కంపెనీ నలభై బోర్లు వేస్తుందంట. నీళ్లు బోలెడున్నాయి కాబట్టి ఇవ్వొచ్చంట. కాదనేవాళ్లు ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా ఆధారం చూపాలంట. నాకున్నది ఒక్క బోరు. గంటసేపు దగ్గి ఆగిపోతుంది. పైన నలభై వేస్తే నా చెట్లేం కావాలి?"

"నేను కొలిచిన ఊరు నీలమెలా అవుతుందే?" అన్నాడు. టీ తాగకుండానే బస్సు కోసం పరుగెత్తాడు.

ఆఫీసులో కిటికీ పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన కంప్యూటరమ్మాయి కూర్చుని ఉంది. అతన్ని బాబాయ్ అంటుంది. పదిహేడో నంబరు తీయమన్నాడు. తీసింది. లోతు: సున్నా. పద్దెనిమిది: సున్నా. ఎండిపోయిన తొమ్మిది బావులకూ తొమ్మిది సున్నాలు.

"ఇదేంటి తల్లీ?"

"మీరు నీరు లేదని రాశారు కదా బాబాయ్. ఈ గడి అక్షరాలు తీసుకోదు, అంకే వేయాలి. లేదంటే సున్నానే కదా?"

"లోతు సున్నా అంటే నీళ్లు గట్టు దాకా నిండి ఉన్నాయని అమ్మా!"

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మూడేళ్లుగా ఇలాగే వేస్తున్నారు బాబాయ్. నాకు ముందు వాళ్లూ ఇలాగే..."

అధికారి తలెత్తకుండానే విన్నాడు. సవరణకు పద్ధతుందన్నాడు. కొత్త కొలత కావాలి, బావి నంబరూ టేపు మీద తడి గీతా కనపడేలా ఫోటో కావాలి, అది లేనిదే కంప్యూటరు తీసుకోదు. 

"ఎండిన బావిలో తడి ఎక్కడ తెమ్మంటారు సార్?" అన్నాడు టేపాయన.

"అది నన్నడిగితే ఎలాగండీ?" అన్నాడు అధికారి. నిజంగానే అతనికీ తెలియదు.

మెట్ల దగ్గర ఆ అమ్మాయి వెనకాలే వచ్చి గొంతు తగ్గించింది. "బాబాయ్, కాసిని నీళ్లతో తడిపి ఫోటో తీసి నాకు పంపండి. ఐదింటిలోగా వస్తే నేను ఎక్కిస్తాను. ఒక్క బావి మారినా చాలు, అనుమతులు ఆగుతాయి."

బస్సులో ఎడమచెయ్యి బరువెక్కింది. సంచి బరువనుకుని దాన్ని ఒళ్లోంచి తీసి కింద పెట్టాడు. బరువు తగ్గలేదు.

మూడింటికి మళ్లీ బావి దగ్గరున్నాడు. ఫోన్ ఉంది, టేపు ఉంది, సీసాలో నీళ్లున్నాయి. రెండు నిమిషాల పని. చెయ్యి కదల్లేదు. ఒకప్పుడు ఒక రైతు ఇదే టేపు పట్టుకుని, ఒక్క మీటరు తగ్గించి రాయి, బోరుకు అనుమతి వస్తుంది, నీ కాళ్లు పట్టుకుంటానని ఏడ్చాడు. రాయలేదు. ఆ మనిషి చచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు. ఇవాళ సొంత చెల్లెలి బావి అని దొంగ తడి పెడితే, అప్పుడు ఆ మనిషిని ఏడిపించడం దేనికి? పెట్టకపోతే రేపు ఈ చెట్లు ఎండుతుంటే ఏ మొహం పెట్టుకుని ఈ గట్టెక్కాలి? నిజం రాసినందుకే సున్నా అయింది. నిజం నిలబడాలంటే అబద్ధం కావాలట. అతనికి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండిపడాలో తెలియక ఆ గట్టు మీదే కూర్చున్నాడు.

నాలుగున్నరకు కరెంటు వచ్చింది. చెల్లెలు మోటారు వేయడానికి పోతూ కేకేసింది. "ఇంకా కొలవలేదా అన్నయ్యా?"

"కొలుస్తున్నా."

లేచాడు. సుద్ద రుద్దాడు, పైనుంచి కిందికి. టేపు దించాడు, అడుగు తాకించాడు, పైకి లాగాడు. సీసా మూతలో కాసిని నీళ్లు పోసి టేపు కొసన చిటికెన వేలంత మేర తడిపాడు. అంతకన్నా ఎక్కువ అబద్ధం అతనివల్ల కాలేదు. గట్టు మీది పదిహేడో నంబరు పక్కన టేపు ఆనించి ఫోటో తీశాడు. ఫోటో బాగానే వచ్చింది. ఒక్క క్షణం కూర్చుని పంపుదామని గట్టుకు ఆనుకుని కూలబడ్డాడు.

ఫోన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. చెట్ల మధ్య నుంచి చెల్లెలు విసుక్కుంది. "ఎత్తవేం అన్నయ్యా? చెవుడొచ్చిందా?" మూడోసారి మోగినప్పుడు వచ్చి చూసింది. అతను కళ్లు తెరిచే ఉన్నాడు. ఫోన్ అతని అరచేతిలోనే మోగుతోంది.

"బాబాయ్, పావుతక్కువ ఐదైంది, పంపారా?" అంది, చెల్లెలు ఫోన్ ఎత్తగానే అవతలి గొంతు.

చెల్లెలి ఏడుపు విని ఆ అమ్మాయికి అర్థమైంది. ఆ ఫోటో మాట ఎలా అడగాలో తెలియలేదు. అడగలేకపోయింది. ఐదింటికి జాబితా మూసేశారు.

గోడ మీది ఊరు నీలంగానే ఉండిపోయింది. తొమ్మిదో రోజున బోరు బండ్లు గుట్ట ఎక్కాయి. ఎండాకాలం సగానికి రాకముందే చెల్లెలి బోరు దగ్గడం కూడా మానేసింది. ఆఫీసు వాళ్లు అతని కొలతల పుస్తకం అడిగి తీసుకెళ్లారు గానీ, టేపు అడగలేదు. అది ఆమె వసారాలో మేకుకు వేలాడుతోంది. కొసన సుద్ద మీద తడి ఆ సాయంత్రమే ఆరిపోయింది. ఎక్కడిదాకా తడిపాడో ఆ గీత మాత్రం ఇంకా ఉంది.