మెరుపు పూత

భీమారావు దృష్టిలో మెరవనిది అసలు సరుకే కాదు. భన్‌పురి పారిశ్రామికవాడలోని ఆయన షెడ్డులో తయారైన టీవీ యాంటెన్నా ఏదైనా సరే, వెండిరంగు పూత పడితేగాని గడప దాటేది కాదు. ఆ రంగు వేస్తుంటే ఊర్మిళ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకునేది.

రైల్వే కాలనీలో పక్క క్వార్టరువాడు కాబట్టి ఆయన ఆమెకి బాబాయి. ఇంజనీరింగు పూర్తికాగానే ఆ షెడ్డులోనే ఉద్యోగమిచ్చాడు. తొంభై ఎనిమిదిలో ఒక సర్వే కంపెనీ పైలట్ లేకుండా ఎగిరే చిన్న విమానానికి యాంటెన్నా కావాలంటే, ఆ పనీ ఆమెకే అప్పగించాడు. విమానం ఎటు తిరిగినా నేలమీది ఆదేశం దానికి అందాలి. అంటే యాంటెన్నా చుట్టూ సిగ్నలు గారెలా సమానంగా పరుచుకోవాలి. బరువు మాత్రం ఉండకూడదు. ఊర్మిళ సన్నటి రాగితీగెలు వంచింది, మరలు తీసేసి నైలాన్ దారంతో బిగించింది, పైన పలచటి ఫైబర్ తొడుగు వేసింది. దానికి ఏడాది పట్టింది. ఇది నెగ్గితే డిజైనరుగా నాలుగు చోట్ల పేరొస్తుంది. లేదంటే మళ్లీ టీవీ యాంటెన్నా కమ్మీలే గతి.

పరీక్ష రోజున ఆరంగ్ దగ్గర బయల్లో ఆమె పెట్టె తెరిచింది. విమానానికొకటి, అదనంగా ఒకటి తెచ్చిన రెండు యాంటెన్నాల తొడుగులూ తళతళా మెరుస్తున్నాయి.

"ఇదేటి బాబాయ్?"

"ఆ మట్టిరంగేటి బాగుంటాదమ్మా? సాబ్ లోగ్ సూసేది చమక్, మెరుపే కదా. నిన్న రెండు పూతలేయించాను."

"అందులో అల్యూమినియం పొడుంటాది. సిగ్నల్ని మింగేస్తాది. వద్దని ఎన్నిసార్లు చెప్పాను మీకు?"

"ఇన్నేళ్లుగా టీవీలకి ఏస్తన్నాం, ఏదైనా సెడిపోయిందా?"

"కమ్మీమీద వేస్తే పరవాలేదు. తొడుగు మీదేస్తే, దీపం మీద రేకుడబ్బా బోర్లించినట్టే."

ఆమె ఆ సర్వే కంపెనీ అధికారి తివారీ దగ్గరికెళ్లి, రంగు గీకేదాకా విమానం ఎగరనివ్వొద్దంది. ఆయన ఆమె మాట విని, భీమారావు మొహం చూశాడు. భీమారావు నవ్వేశాడు. "బచ్చీ హై సాబ్, ఘబరా గయీ," చిన్నపిల్ల, కంగారు పడిందన్నాడు. తివారీ తొడుగుని ప్రేమగా నిమిరి, ఫినిషింగ్ బఢియా, చాలా బాగుంది అన్నాడు.

విమానం ఎగిరింది. మహానది వైపు కొంతదూరం పోయాక వెనక్కి తిరగమంటే తిరగలేదు. ఆదేశం అందక, పోయి పోయి ఒక వరిమడిలో కూలింది.

"డిజైన్ హీ గలత్ హై," అని డిజైన్‌దే తప్పని తేల్చేశాడు తివారీ. భీమారావు ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

ఊర్మిళ రెండో యాంటెన్నాని ట్రాన్స్‌మిటర్‌కి తగిలించి, దూరంగా సిగ్నలు కొలిచే మీటరు పెట్టించింది. ముల్లు లేవలేదు. బ్లేడు తీసుకుని అందరి ముందూ రంగంతా గీకేసింది. ముల్లు లేచి నిలబడింది. అది తివారీ కళ్లారా చూశాడు.

"అలాంటప్పుడు రంగెందుకు వేశారు, మేడమ్?" అని, డిజైనరు ఆమే కాబట్టి, హిందీలో ఆమెనే అడిగాడు.

ఊర్మిళ నోరు తెరిచేలోపే భీమారావు అందుకున్నాడు. తనూ వద్దనే చెప్పాడట, ఈ కాలం పిల్లలు వింటారా అట, చిన్నది కాబట్టి ఈసారికి క్షమించాలట. చెబుతూ ఆమె తల నిమిరాడు.

అబద్ధం సరే, ఊహించిందే. ఆ గొంతులో ఒలికిన వాత్సల్యానికి, తలమీద పడ్డ ఆ చేతికి ఆమెకి ఒళ్లంతా రోత పుట్టింది. చెయ్యి విదిలించి ఇవతలికి జరిగింది.

"ఛీ," అంది, ఆయన మొహం మీదే.

ఆ ఒక్క మాటని మాత్రం తివారీకి హిందీలో చెప్పాల్సిన పని లేకపోయింది.