బావి అడుగు బండ

దాహమేసినప్పుడు బావి తవ్వేవాణ్ని చూసి లోకం నవ్వుతుంది. అజమత్‌ను చూసి నవ్వడానికి పెద్దేముల్ వాళ్లకు ఆ సాకు దొరకలేదు. అతను దాహం వేయకముందే, చేలో కంది ఇంకా పచ్చగా ఉండగానే, దసరాకు ముందే గడ్డపార పట్టాడు. తీరా హోలీ పోయి ఉగాది దగ్గరికొచ్చినా బావిలో చుక్క నీళ్లు లేవు. ఇంటికి మాత్రం చక్కటి నేల వచ్చింది.

సంగతేమిటంటే అజమత్ రైతు కాదు. తాండూరు గనుల్లో పుట్టి పెరిగిన రాతిపనివాడు. బండను సుత్తితో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, ఇది ఇక్కడ చీలుతుందని చెప్పగలడు. అతని అన్న ఉస్మాన్ ఇంకా గట్టి పనివాడు. ఆ గట్టి పనివాడు గని దుమ్ము తిని తిని, వికారాబాద్ పక్కన అనంతగిరి దవాఖానలో మూడు నెలలు దగ్గి చనిపోయాడు. మరుసటి ఏడు అజమత్ కూడా దగ్గడం మొదలుపెట్టాడు. అప్పుడు అతని భార్య జహీరాబీ ఎవరినీ అడగలేదు. మూటాముల్లె కట్టి, మొగుణ్నీ ఐదేళ్ల కూతురు షాహజాదినీ బండి ఎక్కించి, పెద్దేముల్‌లో తన తండ్రి ఇచ్చిన ఎకరన్నర చేనుకూ, దాని ఒడ్డునున్న మట్టి ఇంటికీ తీసుకొచ్చింది.

ఆరు నెలల్లో దగ్గు తగ్గింది. కానీ వాన మీద పండే కందులతో ముగ్గురి కడుపు ఏడాదంతా నిండదు. మిరప, ఉల్లి వేసుకుంటే నిండుతుంది, వాటికి నీళ్లు కావాలి. కాబట్టి లెక్క సులువు. ఉగాదిలోపు బావి పడితే చేను, పడకపోతే మళ్లీ గని. గని మేస్త్రీ అప్పుడే రెండుసార్లు కబురు పంపాడు. అజమత్ ఆ మాట చెప్పినప్పుడు అతని మొహంలో కాస్త వెలుగు కనబడింది. జహీరాబీకి ఆ రోజంతా అన్నం సయించలేదు.

నాలుగడుగులు తవ్వగానే పసుపు బండ తగిలింది. ఇంకెవరైనా దాన్ని నాలుగు దెబ్బలేసి ముక్కలు ఒడ్డున పారేసేవారు. అజమత్ మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చేత్తో నిమిరాడు. ఒక్క చీలిక లేదు. ఇలాంటి పొరను పగలగొట్టడానికి అతనికి మనసొప్పలేదు. నిండుగా లేపాలంటే గుంత వెడల్పు చేయాలి, చేశాడు. లేపిన బండల్ని ఇంటికి చేర్చి నేల పరిచాడు. ఇసుకా సున్నం కలిపి సందులు పూడ్చి, తడిగుడ్డతో తుడిచి, వాకిట్లో నిలబడి చూసుకున్నాడు.

నిజం చెప్పాలంటే మొదట జహీరాబీ కూడా మురిసింది. పేడతో అలికే పని తప్పింది. షాహజాది మధ్యాహ్నం పూట చల్లటి బండ మీద బోర్లా పడుకుని చెంప ఆనించుకునేది. రెండో పొరతో వరండా అయింది. మూడో పొరతో అరుగు, బట్టలుతికే చోటు, నీళ్ల కుండల గట్టు అయ్యాయి. నాలుగో పొర వచ్చేసరికి ఇంట్లో పరచడానికి చోటు లేక కోళ్ల గూటికి నేల వేశాడు. పటేలు గారి నడింట్లో మట్టి, అజమత్ కోళ్ల కాళ్ల కింద తాండూరు బండ. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడికి కనీసం ఎలుకైనా దొరుకుతుంది.

బావి వెడల్పు చూస్తే కళ్లమంత ఉంది, లోతు చూస్తే నిలబడ్డ మనిషి తల పైకి కనబడుతోంది.

నీళ్లు పక్క చేను భీమప్ప బావి నుంచి వచ్చేవి. భీమప్ప గొర్లకాపరి, ముసలివాడు, మంచివాడు, నోరు మాత్రం ఊరుకోదు. బావి పడుతుందన్న ఆశతో ముందే వేసిన మిరపతోటకు జహీరాబీ రోజుకు ఇరవై బిందెలు చంకనెత్తుకుని మోసేది. ఆమె ఎడమ నడుము మీద బిందె రాసుకుని కాయ కాసింది.

"బిడ్డా, ఉగాది దాంక తోడుకో. గా తర్వాత నా గొర్లకే చాలయి," అన్నాడు భీమప్ప ఒకరోజు. చెప్పడం అతనికి కష్టంగానే ఉంది, అందుకే వెంటనే నవ్వులోకి దిగాడు. "మీ ఆయన బావి తవ్వుతుండా, బండల పంట తీస్తుండా? గిట్ల వెడల్పు జేసుకుంట వోతే సంక్రాంతి మల్లొచ్చేటాలకు నా చేన్ల తేల్తడు."

"ఏం జెయ్యాలె కాకా. నేను నీళ్లు జూస్త, ఆయన బండలు జూస్తడు," అంది జహీరాబీ.

అజమత్‌కు ఇంకో గుణం ఉంది. పనిలో చిక్కుముడి పడిన ప్రతిసారీ అతనికి వికారాబాద్ గుర్తొస్తుంది. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం గుడ్డలో కట్టించి, తాండూరు దాకా బండి మీద, అక్కడి నుంచి రైల్లో, దిగి అనంతగిరి గుట్టల మీదికి నడక. చెట్ల కింద గుడ్డ పరిచి ముగ్గురూ తినేవారు. అతను కూతురికి పిట్టల పేర్లు చెప్పేవాడు, సగం పేర్లు తానే కల్పించినవి. తిరిగి వచ్చేటప్పుడు దవాఖాన గోడ దగ్గర ఒక నిమిషం ఆగి, మళ్లీ నడిచేవాడు. జహీరాబీకి ఆ రోజులు ఇష్టమే. చంకన బిందె లేని రోజులవి. ఆ గుట్ట మీద అతను ఎంత ఎక్కినా దగ్గకపోవడం ఆమె ఓ చెవితో వింటూ ఉండేది. ఇంటికొచ్చాక మాత్రం ముడి ఎక్కడిదక్కడే ఉండేది.

చివరికి ఆమె పోరు పడలేక, అజమత్ పెద్ద గుంత నడుమ ఒక చిన్న గుంత తీశాడు. నిచ్చెన వేసుకుని దిగేంత లోతుకు పోయాక నీలంబండ తగిలింది. గుంత ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్కటే బండ. తట్టి చూశాడు. కింద డొల్లగా మోగింది.

"కింద నీళ్లున్నయి," అన్నాడు.

ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. చేను పని మాటల్లో మాత్రం తెలుగులోకి దిగుతారు, అక్కడ అందరితో తిట్లు తినీ తిట్టీ అలవాటు.

"ఉంటే కొట్టు మరి," అంది జహీరాబీ పైనుంచి.

"గిసుంటి బండను కొడ్తరా ఎవలన్న? గనిల ముప్పై ఏండ్లల్ల గిట్లాంటిది సూడలే. నిండుగ లేపాలె. ఎనమండుగురు గావాలె. ఉగాది అయినంక గని నుంచి పిలిపిస్త."

"ఉగాది అయినంక మిర్పతోట ఉంటదా?"

"జర ఆగు. ఫికర్ జెయ్యకు."

గనిలో ఒక కట్టుబాటు ఉంది. నిండు బండను పగలగొట్టినవాడు వారం దాకా సుత్తి ముట్టకూడదు, పనివాళ్లందరికీ నీళ్లు మోయాలి. అజమత్ పదిహేనేళ్లప్పుడు ఒకసారి అలా మోశాడు. ఆ వారం గురించి అతను పెళ్లైన కొత్తలో చెప్పాడు, చెబుతూ చెవుల దాకా ఎర్రబడ్డాడు. అవతల మిరప పూత మీద ఉంటే, మనిషి పాత సిగ్గును పట్టుకుని కూర్చున్నాడని జహీరాబీకి ఒళ్లు మండింది.

నాలుగు రోజులు అజమత్ పొద్దున్నే గుంతలోకి దిగడం, కాసేపటికి ఏ పనీ కాకుండానే ఎక్కి రావడం. ఐదో రోజు, ఉగాది ఇంకా మూడు రోజులుందనగా, రొట్టెలు కట్టమన్నాడు.

"వికారాబాద్ వోయొద్దాం."

"మీరిద్దరు పోయిరాండ్రి. నాకు కాళ్లు గుంజుతున్నయి," అంది జహీరాబీ.

బండి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడింది. తర్వాత చెంగు నడుముకు చుట్టి, సమ్మెట భుజాన వేసుకుని నిచ్చెన దిగింది.

ఏడేళ్లు రాతిపనివాడితో కాపురం చేసిన మనిషి గుడ్డిగా కొట్టదు. ముందు చిన్న సుత్తితో వరుసగా తట్టుకుంటూ పోయింది. ఒక మూల గట్టిగా మోగింది, నడుమకు వచ్చేసరికి చప్పుడు మారింది. సరిగ్గా ఎక్కడో తెలియడానికి తడిగుడ్డతో దుమ్ము తుడిచింది. తడి తగలగానే నీలం తేలింది, దాంతోపాటు ఒక గీత తేలింది. బొగ్గుతో గీసింది. ఎవరో అరచేత్తో తుడిచేశారు, కానీ రాతి గరుకులో నలుపు మిగిలిపోయింది. మళ్లీ గీశారు, మళ్లీ తుడిచారు. ఒకే చోట నాలుగు గీతలు.

జహీరాబీ బండ మీద కూర్చుండిపోయింది. ఆరు నెలలుగా ఆమె కూడబెట్టుకున్న తగువు ఒకటుంది, మాటలు కూడా పేర్చి పెట్టుకుంది. అది ఎటుపోయిందో తెలియలేదు. కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది. నాలుగు పొద్దులు దిగి, గీత గీసి, సమ్మెట ఎత్తి, దించలేక ఎక్కి వచ్చాడన్న మాట. బండ పగిలితే ఏడుస్తాడు. ఏడ్వనీ, బతికుండి ఏడుస్తాడు.

లేచి గీత మీద ఉలి పెట్టి గాటు చేసింది. తర్వాత సమ్మెట ఎత్తింది. మొదటి దెబ్బలకు బండ ఆమెను లెక్కచేయలేదు. పదకొండో దెబ్బకు అరచేతుల బొబ్బలు చితికాయి. ఆ తర్వాత దెబ్బకు పలచని చప్పుడొకటి వచ్చి, చీలిక గీత వెంబడి గోడ నుంచి గోడకు పరుగెత్తింది. సందులోంచి ముందు బురద, దాని వెనక నీళ్లు. పాదాలు మునిగాక గాని ఆమెకు నిచ్చెన గుర్తు రాలేదు.

పొద్దు వాలకముందే అజమత్ వచ్చాడు. గుంత ఒడ్డున భీమప్ప గొర్లు నిలబడి ఉన్నాయి, భీమప్ప ఏమీ అనకుండా నిలబడి ఉన్నాడు. అది చూసే అజమత్‌కు అర్థమైంది. కిందికి చూశాడు. నీళ్లలో రెండు చెక్కలైన బండ. మోకాళ్ల మీద వంగి చీలిక వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. షాహజాది మాత్రం నీళ్లు నీళ్లని గంతులేసింది.

"చీలిక మంచిగ వోయింది," అన్నాడు చివరికి. "ఏడ కొట్టినవ్?"

"నువ్వు గీసిన కాడ."

అజమత్ తల దించుకున్నాడు. "రోజూ సమ్మెట లేపిన జహీరా. చెయ్యి దిగలే."

"ఎరికే."

ఆమె బిందె తీసుకుంది. బొబ్బలకు గుడ్డ చుట్టుకున్న చేతుల్తోనే వంగి, "బండ పగలగొట్టినోళ్లు వారం దాంక నీళ్లు మొయ్యాలె గద, మీ గని ఖాయిదా. మోస్త తియ్యి. ఇన్ని దినాలు మోసిన, ఇంకో వారం ఎంత," అంది. నవ్వుదామనే అంది.

అజమత్ బిందె ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"గుర్తు వెట్టింది నేను," అన్నాడు. నిచ్చెన దిగి, ముంచి, ఎక్కి, అలవాటు లేని చంకన బిందెను సగం ఒలకబోసుకుంటూ మిరపతోట వైపు నడిచాడు.