పుక్కిలించి ఉమ్మేసే నీళ్ళు

చిన్నకోడలి నుదురు పొడిగా ఉంది. అది గమనించి పెద్దకోడలు తన ఇస్త్రీపెట్టెను పక్కకు నిలబెట్టింది. రేకుల షెడ్డు మీద మధ్యాహ్నపు ఎండ నిప్పులు చెరుగుతోంది. ప్రతి బల్ల దగ్గరా ఆవిరి గొట్టం బుసకొడుతోంది. అందరి బట్టలూ తడిసి వీపులకు అతుక్కుపోయాయి. పక్క బల్ల దగ్గర నిలబడ్డ తోడికోడలి బట్టలు మాత్రం తీగమీంచి తీసినట్టు పొడిపొడిగా ఉన్నాయి.

"ఏమే, నీకు చెమట పట్టడం లేదా?"

"పొద్దున పట్టిందక్కా. ఇప్పుడు హాయిగానే ఉంది."

హాయిగా ఉందన్న మాట పెద్దకోడలు కిందటి వేసవిలో ఇదే షెడ్డులో, కాలర్లు నొక్కే ఒక మనిషి నోట విన్నది. ఆ మనిషి ఆనాటి సాయంత్రం చూడకుండానే పోయింది. గుండెజబ్బు ముందునుంచీ ఉందని యాజమాన్యం తేల్చేసింది. ఆమె బల్లమీద సగంలో ఆగిపోయిన చొక్కాను అందుకుని, మిగతా సగం నొక్కి, మడిచి దొంతరలో పెట్టింది పెద్దకోడలే. చేతులు ఊరుకోక చేసిన పని అది. తర్వాత ఎన్నోసార్లు గుర్తొచ్చింది.

ఈ షెడ్డులో చేరిన ఆడమనిషికి మొదటిరోజు నేర్పే విద్య ఇస్త్రీ కాదు, దాహాన్ని మోసపుచ్చడం. నీళ్ళు నోటినిండా పోసుకోవాలి, పుక్కిలించాలి, అంగిలి తడిపి ఉమ్మెయ్యాలి. మింగకూడదు. మింగితే మరుగుదొడ్డికి వెళ్ళాలి. ఉన్నది ఒక్కటే, దానికి తాళం, తాళంచెవి సూపర్‌వైజరు నడుముకి. బట్ట కత్తిరించే మగవాళ్ళ మధ్యనుంచి నడిచివెళ్ళి అతన్ని అడగాలి. ఎందుకని అతను అడుగుతాడు, తెలియక కాదు. పైగా చొక్కాకింత అని కూలి, వెళ్ళొచ్చిన సేపంతా నోటికాడి కూడు పోయినట్టే. అందుకని ఆడవాళ్ళు ఆ అవసరమే లేకుండా చేసుకున్నారు, ఒకరినుంచి ఒకరు నేర్చుకుని, గుట్టుగా, శ్రద్ధగా. అతనికి 'తాళంచెవి' అని పేరుపెట్టి చాటుగా నవ్వుకోవడంతో తమ కసి తీరిందనుకున్నారు. వాడు దాన్ని మొలకి కట్టుకుని తిరగడం చూస్తే లోపల లంకెబిందెలు ఉన్నాయనుకుంటారు ఎవరైనా, అని గుండీలు కుట్టే ముసలామె అంటూ ఉండేది.

చిన్నకోడలికి ఈ విద్య నేర్పింది పెద్దకోడలే. మరిదికి పెళ్ళయిన ఏడాదిలోపే ఆమెను వెంటబెట్టుకొచ్చి, తన పక్క బల్లే అడిగి ఇప్పించి, తోడబుట్టినదానికి చెప్పినట్టు చెప్పింది.

ఇన్నాళ్ళూ ఆ కిటుకు సాగింది. ఇదివరకు ఎండాకాలానికి ఒక మర్యాద ఉండేది. వచ్చే వేళకి వచ్చేది, పొద్దు వాలాక మనుషుల్ని వదిలిపెట్టేది. కొన్నేళ్ళుగా ఆ మర్యాద పోయింది. చలి పూర్తిగా తగ్గకముందే రేకులు కాలుతున్నాయి. రాత్రిళ్ళు గోడలు పగటి వేడిని కక్కుతుంటే, ఒకే గదిలో దుప్పటి అడ్డం కట్టుకుని పడుకునే ఆ అన్నదమ్ముల రెండు జంటలకూ తెల్లవార్లూ కునుకు ఉండదు. నిన్నటి వేడి ఒంట్లోంచి దిగకముందే ఇవాళ్టి వేడి ఎక్కుతోంది. భూమి వేడెక్కిపోతోందని చదువుకున్నవాళ్ళు సభలు పెట్టి చెబుతున్నారు. నిజమే చెబుతున్నారు. ఆ వేడి ముందుగా ఎవరి మూత్రపిండాల్లోకి దిగుతుందో మాత్రం ఆ సభల్లో ఎవరూ అడిగినట్టు లేదు.

కొద్దిరోజులుగా చిన్నకోడలు నడుం పట్టుకుని లేస్తోంది. మూత్రం చిక్కటి కషాయంలా వస్తోందనీ, తనకి తెలియకుండా లోపల ఎవరో కాఫీ కాస్తున్నారనీ నవ్వుతూ చెప్పింది. పెద్దకోడలూ నవ్వింది. తనకీ ఎండాకాలంలో అలాగే ఉంటుంది, ఆడవాళ్ళందరికీ అంతేననుకుంది. ఇప్పుడు మళ్ళీ ఆ పొడి నుదుటి వంక చూసింది.

అంతలో సూపర్‌వైజరు అటుగా వచ్చాడు. తెల్లచొక్కామీద చెమటచుక్క రాలితే మరక, మరకపడితే ఆ చొక్కాకి కూలి లేదు. ఆ లెక్కన బల్లలు చూసుకుంటూ వస్తున్నవాడు చిన్నకోడలి దగ్గర ఆగాడు.

"ఈ పిల్లని చూసి నేర్చుకోండమ్మా. ఒంటిమీద ఒక్క చుక్క లేదు. పనంటే అలా ఉండాలి."

చిన్నకోడలు నవ్వింది. అతను వెళ్ళిపోయాక కూడా ఆ నవ్వు ముఖంమీద అలాగే ఉండిపోయింది. ఆమె చేతిలోని ఇస్త్రీపెట్టె చొక్కా ఎడమచేతినే నొక్కుతోంది, నొక్కినదాన్నే మళ్ళీ మళ్ళీ.

పెద్దకోడలు వెళ్ళి ఆమె మెడమీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకుంది. ఏళ్ళతరబడి ఆవిరిలో కాగిన చెయ్యి అది, వేడికి జంకడం ఎప్పుడో మరిచిపోయింది. డ్రమ్ము దగ్గరికి పరిగెత్తి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నోటికి అందించింది.

చిన్నకోడలు నీళ్ళు నోట్లో పోసుకుంది. పుక్కిలించింది. పక్కకి తిరిగి, ఎప్పటిలాగే బుద్ధిగా, ఉమ్మేసింది.

"ఉమ్మకే. మింగు."

"మళ్ళీ వెళ్ళాల్సొస్తుందిగా. నువ్వే చెప్పావుగా."

"నేను చెప్పింది తప్పే తల్లీ. మింగవే."

చిన్నకోడలు ఆమె ముఖంలోకి పరాయి మనిషిని చూసినట్టు చూసింది. అమ్మా అని పిలిచి, మనింటికి ఎప్పుడు పోదామని అడిగింది. అడుగుతూనే బల్లకీ గోడకీ మధ్య కుప్పకూలింది.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. ముందు ఇస్త్రీపెట్టె ఎత్తాడు. తర్వాత మాడిన చొక్కాను లాగాడు. ఆ తర్వాత మనిషి వంక చూశాడు. ఆస్పత్రి బండికి ఫోను చేశాడు. ఎండదెబ్బ తగిలినవాళ్ళ కోసం బండ్లన్నీ తిరుగుతున్నాయనీ, ఎప్పటికి వస్తుందో చెప్పలేమనీ అవతలినుంచి జవాబు వచ్చింది. అందాకా నీడలో పడుకోబెట్టమని అతను ఆడవాళ్ళకి చెప్పాడు.

"ఏ నీడ సార్?" అంది గుండీల ముసలామె.

పెద్దకోడలు షెడ్డు చివరి గది వైపు చూసింది. మడిచిన చొక్కాలను అక్కడ పెట్టెల్లో సర్దుతారు. చెమ్మ తగిలి బూజు పట్టకుండా రాత్రింబవళ్ళు చల్లటి గాలి కొట్టే యంత్రం ఆ గదిలో ఉంది. ఆమె కిందకి వంగి తోడికోడలి చంకల్లో చేతులు వేసింది. గుండీల ముసలామె కాళ్ళు పట్టుకుంది.

సూపర్‌వైజరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అది సరుకు గది అన్నాడు. పైవాళ్ళు చూస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు, అది అబద్ధం కూడా కాదు. పెద్దకోడలికీ ఉద్యోగం గుర్తొచ్చింది. ఈ రెండు బల్లలూ పోతే తాముండే గది అద్దె ఎలాగో, పొయ్యి వెలిగేదెలాగో క్షణంలో కళ్ళముందు తిరిగాయి. చేతుల్లోని ఒళ్ళు కాలుతోంది.

"సరుకు చెడకూడదనేగా ఇంత చల్లగా పెట్టారు. మనిషి చెడిపోతోంది సార్. జరగండి."

అతను జరగలేదు. ఆమె ఆగలేదు. వెనక ఇంకో ఇద్దరు వచ్చి చెయ్యివేశారు. ఆ తోపులాటలో గుమ్మం ఎవరు దాటారో ఎవరు తప్పుకున్నారో తెలియకుండానే అందరూ లోపలికి వచ్చిపడ్డారు. పెద్దకోడలు దొంతరలోంచి ఇస్త్రీ చేసిన చొక్కాలు లాగింది. ఒకామె బిందెతో నీళ్ళు తెచ్చింది. తడిపిన తెల్లచొక్కాలు మెడకీ చంకలకీ చుట్టారు. అవి క్షణాల్లో వెచ్చబడుతుంటే తీసి కొత్తవి వేశారు. వాటి వెల మీ అందరి కూలిలోంచి కోస్తానని అతను గుమ్మంలోంచి చెప్పాడు. ఎవరూ తల తిప్పలేదు.

"ఒకరుంటే చాలు. మిగతావాళ్ళు పనిలోకి రండి."

"మేం రాం," అంది పెద్దకోడలు. భయంతో గొంతు పీలగా వచ్చింది. అతనికి వినబడలేదేమోనని మళ్ళీ అంది. "బండి వచ్చేదాకా ఎవ్వరం రాం."

గుండీల ముసలామె గోడకి చేరబడి, ఇక లేచే పనిలేదన్నట్టు కాళ్ళు చాపుకుంది.

చిన్నకోడలి రెప్పలు సగం విచ్చుకున్నాయి, కింద తెల్లగుడ్డు కనబడుతోంది. పెద్దకోడలు ఆమె ముక్కు దగ్గర వేళ్ళు పెట్టింది. వేళ్ళకి సన్నగా గాలి తగిలింది. అది ఊపిరో, యంత్రం గాలో ఆమెకు తెలియలేదు. యంత్రం ఆపి చూద్దామంటే చలవ పోతుంది. వేళ్ళు అక్కడే ఉంచి ఆమె వంగి కూర్చుంది.