ఖాళీ డబ్బా, రెండో భాగం

"వీడు వాడు కాదే!" అన్నారు మా అత్తగారు, టీవీ వైపు వేలు చూపిస్తూ.

ఆదివారం సాయంత్రాలు ఒక సైన్సు కథ రెండు భాగాలుగా వేస్తున్నారు. మొదటి భాగంలో, అంతరిక్షంలో ఏడాది తిరిగినవాడు ఇంటికొస్తాడు. అదే మొహం, అదే గొంతు, గడ్డం కింద అదే మచ్చ. కానీ పెళ్లాం ఏం పెట్టినా తింటాడు, ఏమన్నా సరేనంటాడు. ఆమెకి అనుమానం మొదలవుతుంది. రాకెట్టు అట్టముక్కలతో చేసినట్టుంది గానీ, బల్ల దగ్గర కూర్చుని మొగుడు నమలడాన్ని ఆ పిల్ల చూసే చూపు మాత్రం అచ్చం మన ఇళ్లలోదే. చివర్లో ఆమె తలుపు గడియ పెట్టేస్తుంది. బయట అతను ముద్దుపేరుతో పిలుస్తూ నిలబడతాడు. మిగతాది వచ్చే ఆదివారం.

"మంచివాడయ్యాడని మొగుణ్ణి గెంటేసినదాన్ని దీన్నే చూశాను," అన్నారు అత్తగారు.

"మంచివాడయ్యాడనే కదత్తయ్యా అనుమానం," అన్నాను. అన్నాక నా మాట నాకే గుచ్చుకుంది.

మా ఆయన కాఫీ గింజలు వేయించే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. వేగుతున్న గింజ ఎప్పుడు దించాలో వాసన పట్టి చెప్పడం ఆయన పని. అక్కడ ఆయన్ని ముక్కుగారనే పిలుస్తారు. ఆ ముక్కుతో ఇంట్లో నేను పడ్డ పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. మెట్ల మీద ఉండగానే, "నిన్నటి నూనెలోనే మళ్లీ వేయించావా?" అని కేకేసేవారు. అలాంటి మనిషి కొన్నాళ్లుగా ఏం వడ్డించినా తలొంచుకు తిని లేచిపోతున్నారు. కూర అడుగంటినా కిక్కురుమనరు. ఎలా ఉందంటే బ్రహ్మాండం అంటారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా వంటకి ఆ బిరుదు రావడం అదే మొదలు.

అది చాలదన్నట్టు పూటకో స్నానం. పొద్దున వేసిన చొక్కా మధ్యాహ్నానికి విప్పేసి ఇంకోటి. మెడ నిండా పౌడరు. ఈ వయసులో మగాడు పూటకో చొక్కా మారిస్తే ఏ ఆడదానికైనా ఏమనిపిస్తుంది? నాకూ అదే అనిపించింది.

ఆ వారంలోనే ఒకరోజు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. దుప్పటి వెనక నేనున్నానని చూసుకోకుండా ఆయన ఫోనులో, "ఇవాళ నువ్వు లేకపోతే నా పని అయిపోయేదమ్మాయ్. ఇంట్లో ఎవరికీ తెలీదు. నువ్వూ ఎక్కడా నోరు జారకు," అంటున్నారు.

లోపలికొచ్చాక ఎవరని అడిగాను. "మా సూపర్‌వైజరు," అన్నారు.

ఆ సూపర్‌వైజరుకి బారెడు మీసాలు. నేను చూశాను.

ఆ తర్వాత ఆయన నమలడాన్ని నేనూ చూస్తూ కూర్చున్నాను. చొక్కా జేబులు వెతికాను, కాలర్లు వెలుతురుకి పట్టి చూశాను. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకకపోతే అనుమానం తగ్గాలి కదా. నాకు ఇంకా పెరిగింది.

ఆదివారం పొయ్యి మీద పాలు పెట్టి రెండో భాగానికి కూర్చున్నాను. మొదటి భాగంలో ఆ పిల్ల ఒక్క చూపుతో చెప్పినదాన్ని ఇప్పుడు తెల్లకోట్లవాళ్లు నలుగురు గంటలకొద్దీ వివరిస్తున్నారు. అడిగిన ప్రతిదానికీ వాళ్ల దగ్గర జవాబు ఉంది. నాకెందుకో ఆ జవాబుల మీద నమ్మకం కుదరలేదు. వాళ్ల వాదనలో పడి పాల సంగతి మర్చిపోయాను.

"ఏదో మాడుతోందే!" అన్నారు అత్తగారు.

వంటింట్లోకి పరిగెత్తి గుమ్మంలోనే ఆగిపోయాను. పొయ్యికి వీపు పెట్టి, బల్ల దగ్గర ఆయన పేపరు చదువుతున్నారు. పాలు గిన్నెకంటుకుని నల్లబడ్డాయి. కంపు హాలు దాటి వీధి తలుపు దాకా వచ్చింది. ఆయన తీరిగ్గా పేజీ తిప్పారు.

నేను పొయ్యి కట్టేశాను. ఆ చప్పుడుకి తిరిగారు. నా మొహం చూశారు, తర్వాత గిన్నె చూశారు.

"ఎన్నాళ్లుగా?" అన్నాను.

పేపరు మడతపెట్టారు. "మొన్నామధ్య జలుబు చేసింది చూడు, అప్పట్నుంచి. వాసన అదే తిరిగొస్తుందిలే అనుకున్నాను."

"ఆ చొక్కాలు?"

"నా ఒంటి చెమట నాకే తెలియట్లేదే. పక్కవాళ్లకి కంపు కొడుతున్నానేమోనని భయం."

"మరి ఆ అమ్మాయి?"

ఆయన తలొంచుకున్నారు. "నా దగ్గర పని నేర్చుకునే పిల్ల. గింజ దించే వేళకి నాకు గుర్తుగా దగ్గుతుంది. పైవాళ్లకి తెలిస్తే నన్ను ఆ పొయ్యి దగ్గర నిలబడనిస్తారా?"

"ఆమెకి చెప్పుకున్నారు. నాకు చెప్పడానికి నోరు రాలేదు."

"చెప్పలేదే. గింజలన్నీ బొగ్గు చేస్తుంటే తనే పట్టేసింది."

అన్నీ అతికినట్టు సరిపోయాయి. టీవీలో తెల్లకోట్లవాళ్లకీ అలాగే సరిపోయాయి.

"డాక్టరుకి చూపించారా?"

"చూపించాను. మెల్లగా తిరిగొస్తుందన్నాడు. నిజంగానే రెండ్రోజులుగా కొంచెం వస్తోంది కూడా. నువ్వేం బెంగపెట్టుకోకు."

అలమర్లోంచి ఓ స్టీలు డబ్బా తీశాను. "కళ్లు మూసుకోండి," అని మూత తీసి ముక్కు కింద పెట్టాను.

గుండెల నిండా పీల్చారు. ఫ్యాక్టరీలో అందరూ ఆయన మాట కోసం ఎదురుచూసేటప్పుడు పెట్టే మొహం అది.

"ఆఁ, వస్తోంది. కాఫీయే కదూ?"

ఇల్లంతా మాడిన పాల కంపు. నా చేతిలో ఉన్నది పొద్దునే తోమి ఎండబెట్టిన కొత్త డబ్బా.

హాల్లోంచి అత్తగారు, "రావే, అది తలుపు తీస్తోంది!" అని అరిచారు. నేను కదల్లేదు.

"రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను," అన్నాను.

"నువ్వెందుకే? నేనే వెళ్లి..."

"ఆ డాక్టరుకీ ఇలాగే కొంచెం వస్తోందని చెప్పుంటారు."

కళ్లు తెరిచారు. డబ్బా ఆయన చేతిలో పెట్టాను. లోపలికి చూశారు, బోర్లించి చూశారు, అరచేత్తో అడుగు తడిమారు.

"నాకింకో పని రాదే," అన్నారు.

ఆ వారం మొత్తం మీద నేను నమ్మిన మాట అదొక్కటే. ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.