అర అంగుళం లూజు

మామగారి కారులో పగిలింది జానెడు రబ్బరు గొట్టం. గాలి డబ్బా నుంచి, ఇంజనులోకి గాలి నెట్టే టర్బోకి గాలి తీసుకెళ్లే గొట్టం అది. ఒక మూతి సన్నం, ఇంకో మూతి వెడల్పు, మధ్యలో మోచేతి వంపు. ఇంతోటి దానికి అంత పెద్ద బండీ అడుగు తీసి అడుగు వెయ్యనని మొరాయించింది. తయారు చేసిన కంపెనీవాళ్లేమో ఆ మోడల్‌కి ఎప్పుడో నీళ్లొదిలేశారు.

అల్లుడు మెకానిక్కే. ఇరవై రెండేళ్లుగా సొంత షెడ్డు. ఊళ్లో వాళ్ల బళ్లన్నీ బాగుచేసినవాడు ఇంటి బండి దగ్గరికొచ్చేసరికి బోర్లా పడ్డాడు. ఇంకెప్పుడైనా అయితే "చూద్దాంలే" అని పక్కన పెట్టేవాడు. కానీ ఈసారి గడువు బండిది కాదు, మామగారి కళ్లది.

మామగారు నలభై ఏళ్లు బట్టలు కుట్టిన టైలరు. ఆయనకి కుడి పక్క నుంచి చూపు మూసుకుపోతూ వస్తోంది. కళ్ల డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. "పోయింది తిరిగి రాదు. ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. మూడు నెలలకి మళ్లీ చూస్తాను. అప్పటిదాకా పగటిపూట, పక్కన మనిషిని పెట్టుకుని, మెల్లగా నడిపితే నడపండి. ఆ తర్వాత బహుశా వద్దనే అంటాను."

ఇంటికొచ్చి పెద్దాయన ఒక్కటే అడిగాడు. "అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని ఒక్కసారి ఊరవతల వంతెన దాకా పోయొస్తాను అల్లుడూ. నా బండి, నా చేత్తో. ఆ తర్వాత తాళాలు నువ్వే ఉంచుకో."

దానిదేముంది మామయ్యా అన్నాడు అల్లుడు. అన్న వారంలోనే గొట్టం పగిలింది. చెప్పండి, దీన్నేమనాలి!

ముందు టేపు చుట్టి చూశాడు. ఇంజను వేడికి అది అప్పడంలా ఊడొచ్చింది. తర్వాత లారీ ట్యూబు ముక్క కోసి తొడిగాడు. యాక్సిలరేటరు నొక్కగానే ఇంజను గాలి పీల్చే ఊపుకి ఆ మెత్తటి ట్యూబు బుగ్గలు లోపలికి లాక్కుని అతుక్కుపోయింది. బండి ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. లోపల గుడ్డ పొరలున్న గట్టి సిలికాన్ గొట్టమే కావాలి, వేరే దారి లేదు.

దాని కోసం కాళ్లకి బలపం కట్టుకుని తిరిగాడు. గొట్టాల షాపాయన్ని బజారంతా "రేపురండి" అనే పిలుస్తుంది, అసలు పేరు ఇంట్లోవాళ్లకైనా గుర్తుందో లేదో. ఆయన మూడు వారాలపాటు రేపురండి, రేపురండి అని తిప్పి, తిన్నగా ఉన్నవీ వంగి ఉన్నవీ వంద చూపించి, చివరికి చేతులెత్తేశాడు. "మీరడిగిన సైజు ఎవడి దగ్గరా దొరకదు బాబూ. అచ్చు పోయించుకోవాల్సిందే" అని పక్క ఊళ్లో సిలికాన్ పని చేసే ఒకావిడ నంబరిచ్చాడు.

ఆవిడ ఫోన్ స్పీకరులో గడగడా చెప్పేసింది. "రెండు మూతుల కొలతలూ, వంపూ కాగితం మీద గీసి పంపండి. అచ్చు చేసి, నాలుగు పొరల గుడ్డ చుట్టి పోస్తాం. ఐదు వారాలు పడుతుంది. కొలత మాత్రం మీ పూచీయే అన్నయ్యా. తప్పొచ్చిందంటే మళ్లీ మొదటి నుంచీ చెయ్యాలి."

గుడ్డ అనేసరికి షెడ్డులో స్టూలు మీదున్న మామగారు నిటారుగా కూర్చున్నాడు. "కొలత నేను తీస్తానుండు. ఊళ్లో వాళ్ల బొజ్జలన్నీ కొలిచినవాణ్ని, ఈ గొట్టం నడుము కొలవలేనా!"

వెర్నియర్ ఉంది మామయ్యా, దాంతో వెంట్రుకంత తేడా కూడా తెలుస్తుంది అని చెప్పాలనుకున్నాడు అల్లుడు. కానీ ఆ డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చాక ఆ మొహంలో వెలుగు చూడటం అదే మొదటిసారి. మాట మింగేశాడు. పెద్దాయన గొట్టం ఎక్కే ఇనప పైపులకి టేపు చుట్టి, అంకెల్ని కంటికి ఎడంపక్కగా పెట్టుకుని చదివి, అట్టముక్క మీద రాసిచ్చాడు. అల్లుడు ఆ చుట్టుకొలతల్ని మూడూ చిల్లరతో భాగించి, మూతుల అడ్డకొలతలుగా మార్చి పంపేశాడు. మళ్లీ కొలవలేదు. మామగారు కొలిచిందాన్ని అల్లుడు తిరిగి కొలిస్తే ఏం మర్యాద!

ఐదు వారాలకి నీలం రంగులో నిగనిగలాడుతూ గొట్టం వచ్చింది. తొడిగాడు. తాతగారి చొక్కా మనవడికి వేసినట్టు వేలాడింది. క్లాంపు ఎంత బిగించినా సిలికాన్ ముడతపడి, ఆ ముడతలోంచి గాలి బుస్సుమంటోంది. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. అప్పుడు తీశాడు వెర్నియర్. పైపు అడ్డంగా యాభై ఏడు మిల్లీమీటర్లు, గొట్టం అరవై ఒకటి. రెండో మూతీ అంతే, నాలుగు ఎక్కువ. చుట్టుకొలతలో చూస్తే రెండు చోట్లా సరిగ్గా అర అంగుళం.

భోజనాలకి క్యారేజీ తెచ్చిన భార్యకి అట్టముక్క చూపించాడు. ఆమె చూస్తూనే నెత్తి కొట్టుకుంది.

"నాన్న ఒళ్లెంతుందో ఎప్పుడు రాశారండీ! బట్ట ఎంత కొయ్యాలో రాస్తారు. లూజు కలిపే రాస్తారు. ఆ చెయ్యి అంతే, దానికి అలవాటు."

అల్లుడు గోడ మీది క్యాలెండరు చూశాడు. కళ్ల పరీక్షకి ఇంకా మూడు వారాలే ఉంది.

మామగారితో మాత్రం, వాళ్లే తప్పు పోశారని చెప్పాడు. పెద్దాయన ఒంటికాలి మీద లేచాడు. "ఏం పనివాళ్లయ్యా వాళ్లు! రాసిచ్చిన కొలత చూసి పోయడానికేం రోగం!" అల్లుడు తలవంచుకుని విన్నాడు.

సరైన కొలతలు పంపి, ఫోన్‌లో ఆవిడ్ని బతిమాలాడు. కళ్ల సంగతీ చెప్పాడు. "నా చేతిలో ఉంటే రేపే ఇచ్చేదాన్ని అన్నయ్యా. కొత్త అచ్చు కొయ్యాలి. ఆ అచ్చులు కోసే ఆయన దగ్గర నాకంటే ముందు పదిమంది ఉన్నారు" అంది. ఎవర్ని తిట్టాలి? ఆవిడనా, ఆ అచ్చులాయన్నా? తిట్టుకుంటే తనని తానే తిట్టుకోవాలి. షెడ్డులో పన్నెండు బళ్లు తాళాలతో సహా ఉన్నాయి. అందులో ఒకటి తీసుకెళదాం మామయ్యా అంటే, "అవి నావి కావుగా" అన్నాడాయన. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

మూడు వారాలు చేతులు ముడుచుకుని కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. పరీక్ష రోజు రానే వచ్చింది. డాక్టరమ్మ మిషనులోంచి కాగితం తీసి చూసి, అడ్డంగా తలూపింది. మామగారు ఇంటికొచ్చి తాళాలు కూతురి చేతిలో పెట్టాడు.

కొత్త గొట్టం ఆ తర్వాత పదమూడో రోజున వచ్చింది. ఒక్క నొక్కుకి పైపు మీద కూర్చుంది. ఇంజను చక్కగా అందుకుంది. ఇరవై రెండేళ్లలో అల్లుడికి నడిచే ఇంజను చప్పుడు విని ఏడుపు రావడం అదే మొదలు.

మామగారు కుడి పక్క తడుముకుంటూ దగ్గరికొచ్చాడు. "పాతది కూడా ఉందా? ఇలా ఇయ్యి." పాత గొట్టం మూతిలో వేళ్లు పెట్టి తిప్పాడు. బానెట్ కిందికి వంగి కొత్తదాన్ని తడిమాడు. మళ్లీ పాతది తడిమాడు. ఆ వేళ్లకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"అర అంగుళం," అన్నాడు. "నాదే కదూ?"

"నేను మళ్లీ కొలవాల్సింది మామయ్యా. తప్పు నాది."

"నేను నొచ్చుకుంటానని ఊరుకున్నావు." పెద్దాయన పాత గొట్టాన్ని గుప్పిట్లో నలిపాడు. "అంత మర్యాద ఎందుకయ్యా నాకు! ఆ రోజు కసిరి టేపు లాక్కుంటే పోయేదిగా!"

పక్కనే ఉన్న కూతురు కల్పించుకుంది. "పద నాన్నా, వంతెన దాకా పోయొద్దాం. నేను నడుపుతాను."

ఆమె స్టీరింగు దగ్గర కూర్చుంది. మామగారు ఆమె పక్క సీట్లో, అల్లుడు వెనక. బండి మలుపు తిరిగి పెద్ద రోడ్డెక్కింది. కాసేపటికి పెద్దాయన తల తిప్పకుండానే అన్నాడు.

"ఏం కనిపిస్తోందో చెప్తూ ఉండు అల్లుడూ."

అల్లుడు ముందుకి వంగాడు. "ఎడం పక్కన పాల వ్యాను మామయ్యా. దాని వెనక సైకిలు మీద ఒకాయన, నిచ్చెన మోసుకెళ్తున్నాడు."

"అది నాకు కనిపిస్తూనే ఉందయ్యా. కుడి పక్క చెప్పు."

అల్లుడు కుడి పక్కకి చూశాడు. అక్కడ తన భార్య రెండు చేతులూ స్టీరింగు మీదుంచి, తుడుచుకోవడానికి ఒక్క చెయ్యయినా తియ్యకుండా, చప్పుడు రాకుండా ఏడుస్తోంది.

"కుడి పక్కన ఏమీ లేదు మామయ్యా," అన్నాడు. "రోడ్డంతా ఖాళీ."