బావ అడిగిన జిన్

బావకి ఇక నోటి ద్వారా ఏదీ పెట్టొద్దని డాక్టర్లు తేల్చేశారు. అన్నవాహికలో రాచపుండు ముదిరిపోయి మంచినీళ్ళు కూడా దిగడం లేదు. నొప్పికి సూదిమందు తప్ప మరేమీ చెయ్యలేని రోగుల్ని ఉంచే వార్డులో, కిటికీ పక్క మంచం మీద పదకొండు రోజులుగా పడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి జనాన్ని పైకీ కిందికీ చేరవేసిన మనిషి, ఇప్పుడు పక్కకి ఒత్తిగిలాలన్నా ఇద్దరు సాయం పట్టాలి.

ఆ ఉదయం నర్సు ఒక గ్లాసులో నాలుగు పుల్లలు పట్టుకొచ్చింది. ఒక్కోదాని చివరా గులాబీరంగు స్పాంజి ముక్క ఉంది.

"నోరు ఎండిపోతుంది కదా, వీటితో తడుపుతూ ఉంటాం. నీళ్ళే కానక్కర్లేదు. ఆయనకి ఏది ఇష్టమో చెప్పండి, అందులో ముంచి నాలిక మీద అద్దుదాం. మొన్న ఒక పెద్దావిడ కాఫీ అడిగింది. డాక్టర్ గారు ఒప్పుకున్నారు, భయం లేదు."

బావ కళ్ళు తెరిచాడు. అతని గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. అయినా పెదాల కదలిక అందరికీ తెలిసింది.

"జిన్."

తువ్వాలు మడత పెడుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

"ఇంకేదైనా చెప్పమనమ్మా. ఆ తాగుడు పేరు మాత్రం నా ముందు ఎత్తొద్దు. నా తమ్ముడి కాపురం కూల్చింది అదే, ఈయన గొంతు కాల్చిందీ అదే. పోయే ముందు కూడా దాని మీదే ధ్యాసా?"

నర్సు మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు నేల వైపు చూశాడు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. యాభై రెండేళ్ళొచ్చినా అక్క గొంతు లేచిందంటే ఇప్పటికీ నిక్కరేసుకున్న పిల్లాడైపోతాడు. తల్లి పోయేనాటికి అతనికి నాలుగేళ్ళు. అన్నం ముద్దలు పెట్టింది, అక్షరాలు దిద్దించింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది ఈ అక్కే. ఆవిడ దృష్టిలో లోకంలోని పాపాలన్నీ ఎవరో ఒకరు చేస్తారు, తమ్ముడు మాత్రం చెయ్యడు.

అసలు సంగతి ఏమిటంటే, పెళ్ళయిన కొత్తలో బావ సోడా కూడా తాగేవాడు కాడు. గ్యాసు ముక్కులోకి ఎగదన్నుతుందని భయం! ఆ ఇంట్లోకి మొదటి జిన్ సీసా తెచ్చింది తమ్ముడు. ఉద్యోగం ఖాయమైన రోజున, ఓడ బొమ్మ ఉన్న చవకరకం సీసా కొనుక్కొచ్చాడు. అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళింది. రెండు స్టీలు గ్లాసుల్లో జిన్ పోసి, టానిక్ వాటర్ కలిపి, నిమ్మచెక్క పిండాడు. బావ ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "ఒరేయ్, ఇది వడ్రంగి కొట్టు వాసనేస్తోందిరా!" అన్నాడు. అన్నవాడు గ్లాసు కింద పెట్టలేదు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే గుమ్మంలో అక్క ప్రత్యక్షమైంది.

"ఎవరు తెచ్చారిది?"

తమ్ముడు నోరు తెరిచేలోగా బావ "నేనే" అనేశాడు.

ఆ తర్వాత ఎన్ని శనివారాలు! నారింజ తొక్క వాసనొచ్చే నీలం సీసా జిన్, కీరదోస ముక్క వేసుకుని తాగే జిన్, మిరియాల ఘాటు గొంతు చివర తగిలే జిన్. బావ గ్లాసుని అరచేతిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ముందు వాసన చూసేవాడు. ఒకసారి పదకొండో అంతస్తు పైన, లిఫ్టు మోటారు గదిలో బావ పని ముగించేసరికి వాన పట్టుకుంది. ఫ్లాస్కు మూతలో చెరో గుక్కా పోసుకుని, ఇనప పెట్టె మీద భుజం భుజం ఆనించుకుని కూర్చున్నారు. తన బతుకులో ఎప్పుడు హాయిగా ఉన్నావని ఎవరైనా అడిగితే తమ్ముడు ఆ గది పేరే చెబుతాడు.

బావ రెండు గ్లాసుల దగ్గర ఆగేవాడు. తమ్ముడు ఆగలేదు. చేతులు వణికి అద్దాలు వంకరపోయాయి. రెండు దుకాణాలవాళ్ళు పొమ్మన్నారు. భార్య కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. తాగుడు మాన్పించే ఆసుపత్రికి అతన్ని రోజూ స్కూటరు మీద తీసుకెళ్ళి, బయట బెంచీ మీద గంటలకొద్దీ కూర్చున్నది బావే. తమ్ముడు మానేసి ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళూ అక్క మాత్రం "పసివాడికి మీరే అలవాటు చేశారు" అని భర్తని దెప్పని పూట లేదు. బావ తలొంచుకుని అన్నం తినేవాడు. ఆ ఒక్క అబద్ధం గురించి తమ్ముడితో ఎన్నడూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం తమ్ముడికి హాయిగా ఉండేది. ఇప్పుడు తల్చుకుంటే తన మీద తనకే అసహ్యం వేస్తోంది.

మధ్యాహ్నం అతను రోడ్డు దాటి, ఆరేళ్ళుగా తొక్కని గడప తొక్కి, చిన్న సీసా కొన్నాడు. కాగితంలో చుట్టిన సీసాతో వార్డు వరండాలోకి వచ్చేసరికి అక్క ఎదురుపడింది. పొట్లం చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది.

"మళ్ళీ మొదలెట్టావురా? ఇదీ ఆ మనిషి చలవే. చావబోతూ కూడా నిన్ను వదల్లేదు!"

"అక్కా, బావ నాకు అలవాటు చెయ్యలేదు. మొదటి సీసా తెచ్చింది నేను. బావకి పోసి ఇచ్చింది నేను. నువ్వు అడిగితే ఆయన తన మీద వేసుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ముప్ఫై ఏళ్ళు మూసుకున్నాను."

అక్క గోడకి ఆనుకుంది. తిడుతుందని, కొడుతుందని చూశాడు. కొడితే బాగుండుననిపించింది.

"ఎన్ని మాటలన్నానురా ఆయన్ని," అంది. "నిన్న పక్క మారుస్తూ కూడా అన్నాను. ఎంత పిరికివాడివిరా నువ్వు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది.

"ఇటివ్వు. నువ్వు మూత తియ్యకు. ఆరేళ్ళ కష్టం ఇవాళ పోగొట్టుకోకు."

అక్క లోపలికెళ్ళి సీసా మూత తిప్పింది. వాసనకి మొహం తిప్పుకుంది. మందులు పోసే చిన్న కప్పులో కాస్త వంపి, పుల్ల ముంచి, బావ నాలిక మీద మెల్లగా అద్దింది. బావ కళ్ళు మూసుకునే ఉన్నాడు. నాలిక కదిలింది. కనుబొమల మధ్య పదకొండు రోజులుగా బిగిసిన ముడి వదిలింది. గుమ్మంలో నిలబడిన తమ్ముడికి ఏడుపు ముంచుకొచ్చింది.

బావ పెదాలు కదిలాయి. అక్క వంగి చెవి దగ్గర పెట్టింది. గది నిశ్శబ్దంగా ఉండడంతో ఆ గాలిమాట గుమ్మం దాకా వినిపించింది.

"ఒరేయ్, మీ అక్క వచ్చే వేళైంది. నువ్వు వెళ్ళిపో. నేను చూసుకుంటాను."

అక్క తలెత్తి గుమ్మంలో ఉన్న తమ్ముణ్ణి చూసింది.

"అలాగే బావా," అంది తమ్ముడికి బదులుగా, రెండో పుల్ల జిన్‌లో ముంచుతూ.