ఇద్దరి కొలత

దాచేపల్లిలో లారీలకు చెక్క బాడీలు కట్టే ఇలియాస్‌కు యాభై ఎనిమిదో ఏట పడవ పిచ్చి పట్టుకుంది. చేపలు పట్టే పుట్టి కాదు. తెరచాప ఎత్తి, అందులోనే వండుకు తిని, అందులోనే పడుకుంటూ కృష్ణా నది మీద నాలుగు రోజులు తిరిగొచ్చే బుల్లి పడవ. షెడ్డులో వాళ్ళు నవ్వారు. భార్య ఫిర్దౌస్ నవ్వలేదు గాని, ఈ ముచ్చట ఎన్నాళ్ళుంటుందిలే అనుకుంది.

ఒక ఆదివారం అతను వరండాలో చాప తీసేసి, ఆమెను గచ్చు మీద పడుకోమన్నాడు.

"ఎందుకయ్యా?"

"నువ్వు కాళ్ళు చాపుకోడానికి ఎంత జాగా కావాల్నో చూడాల."

ఆమె సిగ్గుపడుతూనే పడుకుంది. సుద్దముక్కతో ఆమె చుట్టూ గీత గీశాడు. పక్కనే తనూ పడుకుని ఆమె చేత గీయించుకున్నాడు. ఆ రెండు బొమ్మలూ పట్టేలా పడవ గీశాడు: పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు ఐదు. ఒక్కడే పోతాడనుకున్న ఫిర్దౌస్ ఆ గచ్చును రెండు రోజులు తుడవలేదు.

తర్వాత తనే పనిలోకి దిగింది. అతను ప్లైవుడ్ కోసి, వంచి, అతుకుల మీద ఫైబర్ గుడ్డ పరిచి రెసిన్ జిగురు పూస్తుంటే, ఆమె లారీ పట్టాతో తెరచాప కుట్టింది. మిషను సూదులు ఏడు విరిగాయి.

జనవరిలో పడవను పులిచింతల జలాశయం ఒడ్డుకు చేర్చారు. ఎక్కిన కాసేపటికే గాలి ఒక్క ఊపు ఊపింది, పడవ బోల్తాపడింది. నడుం లోతు నీళ్ళే కాబట్టి తడవడంతో సరిపోయింది. ఒడ్డున ఇలియాస్ తల దించుకుని, నిన్ను ముంచబోయాను, ఇక అమ్మేద్దాం అన్నాడు. ఫిర్దౌస్ చున్నీ పిండుకుంటూ తెరచాప వంక చూసింది.

"కుర్తా వదులైతే పారేస్తామా? కోసి కుట్టుకుంటాం. ఇది కాస్త పెద్దదైంది, అంతే."

ఇంటికొచ్చి తెరచాప అడుగున్నర తగ్గించింది. అతను పడవ అడుగున ఇసుక మూటలు బిగించాడు.

పదిహేను రోజులకు మళ్ళీ వెళ్ళారు. పడవ ఒరిగింది, ఒరిగి నిలదొక్కుకుంది. భయంతో మూసుకున్న కళ్ళు ఫిర్దౌస్ తెరిచేసరికి నీళ్ళు గలగలా వెనక్కి పోతున్నాయి. మధ్యాహ్నం తెలంగాణ ఒడ్డున లంగరు వేసి కిచిడీ వండుకు తిన్నారు. తిరుగుదారిలో గాలి మెత్తబడింది. చుక్కాని ఎట్లా పట్టాలో ఆమెకు చూపిస్తూనే ఇలియాస్ నిద్రలోకి జారాడు. నెలల తరబడి సరిగా నిద్రలేని మనిషి.

దిగాల్సిన రేవు కనబడింది. సంచిలో బియ్యం ఉన్నాయి, పొద్దు ఇంకా ఉంది. ఫిర్దౌస్ అతన్ని లేపలేదు. తెరచాప నీడ అతని ముఖం మీద పడేలా చుక్కాని కొంచెం తిప్పి, రేవు దాటించి ముందుకు పోనిచ్చింది.